మచ్చను శత్రువని రాయకు

చిరంజీవి శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ పీహెచ్‌డీ ప్రపోజల్ చదివాను. వెన్నుపాము గాయంలో ఆస్ట్రోసైట్లు (న్యూరాన్లకు, అంటే నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాలు) ఏం చేస్తాయన్నది మంచి ప్రశ్నే. కానీ మొదటి పేజీలో 'గ్లియల్ మచ్చ ఆక్సాన్లను పెరగనివ్వని అడ్డుగోడ' అని రాశావే, గాయం చుట్టూ ఆస్ట్రోసైట్లు కట్టే మచ్చ న్యూరాన్ల పొడవాటి తీగలకు అడ్డమని, ఆ వాక్యం కొట్టెయ్.

మేమూ అదే చదువుకున్నాం. అది ఉత్త మాటేం కాదు. మచ్చలో కాండ్రాయిటిన్ సల్ఫేట్ ప్రోటియోగ్లైకాన్లు (చక్కెర గొలుసులున్న ప్రోటీన్లు) పేరుకుంటాయి, వాటి దగ్గర ఆక్సాన్ కొనలు ఆగిపోతాయి. 2002లో ఎలుకలకు ఎంజైమిచ్చి ఆ ప్రోటీన్ల చక్కెర గొలుసులను తెంచితే నడక కొంత మెరుగుపడింది. కానీ 2004లో విభజన చెందే ఆస్ట్రోసైట్లనే తొలగించి చూస్తే వాపు కణాలు చుట్టుపక్కలకు పాకి, బతకాల్సిన న్యూరాన్లు కూడా చచ్చిపోయాయి. 2016లో మైఖేల్ సోఫ్రోనియూ బృందం మచ్చ ఏర్పడకుండా ఆపింది. ఆక్సాన్లు వాటంతటవి పెరగలేదు. వృద్ధి కారకాలు ఇచ్చినప్పుడేమో మచ్చ ఉన్నచోటే బాగా పెరిగాయి. కాబట్టి మంచిదా చెడ్డదా అని అడగకు. గాయమైన ఎన్నో రోజు, ఎంత దూరంలో, ఏ కణం అని అడుగు.

ఆ 'ఏ కణం' దగ్గరే చాలామంది బోల్తా పడతారు. మామూలు కార్టెక్స్‌లో (మెదడు పైపొరలో) చాలా ఆస్ట్రోసైట్లకు, వాటిని గుర్తుపట్టడానికి వాడే ప్రోటీన్ జీఎఫ్ఏపీ రంగు సరిగ్గా పట్టదు. గాయమయ్యాక పట్టేవి పెరిగితే కణాలు విభజన చెందాయని రాసెయ్యకు, విభజన చెందే కణాల డీఎన్ఏలో చేరే ఈడీయూ ఇచ్చి చూడు. ఐబీఏ1 అనే ఇంకో గుర్తు రంగు మైక్రోగ్లియాకీ (మెదడు, వెన్నుపాముల్లోనే ఉండే రక్షణ కణాలకీ) పడుతుంది, రక్తంలోంచి వచ్చిన మాక్రోఫేజ్‌లకీ (చెత్త మింగే కణాలకీ) పడుతుంది. అందుకే గాయం చెయ్యకముందే కణాలకు జన్యు గుర్తు పెట్టుకో. ఖర్చెక్కువని గైడ్ గొణిగితే 2020 ముచ్చట చెప్పు. పీటీబీపీ1 అనే ప్రోటీన్‌ను తగ్గిస్తే ఆస్ట్రోసైట్లు న్యూరాన్లవుతాయని అప్పుడు పెద్ద హడావుడి అయింది. 2021లో ఏ కణం దేన్నుంచి వచ్చిందో తెలిసేలా జన్యు గుర్తు పెట్టి చూస్తే అవి ముందునుంచీ ఉన్న న్యూరాన్లే.

ఇంకో పని. వెన్నుపాము ముట్టుకునే ముందు కొన్నాళ్లు సయాటిక్ నరం (కాలికి పోయే పెద్ద నరం) సెక్షన్లు కోయి. అక్కడ నరాల్లోని ఆసరా కణాలైన ష్వాన్ కణాలు తెగిన నరంలోని మైలిన్ (ఆక్సాన్ చుట్టూ ఉండే కొవ్వు పొర) చెత్తను మాక్రోఫేజ్‌లతో కలిసి త్వరగా ఊడ్చేసి, వరసకట్టి, ఆక్సాన్‌కు దారి చూపిస్తాయి. పెరుగుదల రోజుకు సుమారు మిల్లీమీటరు. వెన్నుపాములో ఆ చెత్త నెలల తరబడి కదలదు. 1981లో డేవిడ్, అగ్వాయో నరం ముక్కను అతికించినప్పుడు వెన్నుపాము ఆక్సాన్లు కూడా అందులోకి సెంటీమీటర్ల కొద్దీ పెరిగాయి. లోపం కణంలోనే కాదు, పరిసరాల్లోనూ ఉందని అప్పుడు తెలిసింది.

ఇక చుట్టాలు ఫోన్ చేస్తారు, 'ఫలానా క్లినిక్‌లో స్టెమ్ సెల్స్ ఎక్కిస్తారట, పంపమంటావా' అని. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము గాయానికి అది ఇంకా ప్రయోగమే, క్లినికల్ ట్రయల్ బయట చెయ్యకూడదు. సీటీఆర్ఐలో, అంటే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా, రోగి దగ్గర డబ్బు అడుగుతున్నారా, ఈ రెండూ కనుక్కోమను. డబ్బు అడిగితే వద్దని గట్టిగా చెప్పు, మొహమాటపడకు.

ప్రపోజల్ దిద్ది మళ్లీ పంపు.

మీ పెదనాన్న