బల్ల మీద ఒక చుక్క, గోడ మీద మూడు

ప్రశ్న: ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్ మాడ్యూళ్లు, ఒక జత గాల్వో స్కానర్లు (కిరణాన్ని అటూ ఇటూ తిప్పే చిన్న అద్దాల మోటార్లు) కొని సొంతంగా లైట్ షో ప్రొజెక్టర్ తయారుచేస్తున్నాను. బల్ల మీద తెల్లగా కలిసిన చుక్క, ఎదురుగోడ మీద మూడు చుక్కలుగా విడిపోతోంది. వృత్తం గీయిస్తే పక్కన ఎర్రటి నీడ పడుతోంది. పైగా సౌండ్ కార్డు నుంచి సంకేతాలు ఇస్తే, బొమ్మను ఏ మూల పెట్టినా మధ్యకు జారిపోతోంది. లోపం ఎక్కడ?

జవాబు: లేజర్లలో మాత్రం లేదు. మొదటిసారి చేసేవారు సాధారణంగా తడబడే చోటే మీరూ తడబడ్డారు. కిరణాలు ఒకచోట కలుసుకున్నంత మాత్రాన ఒకే దారిన పోవు. కూడలిలో కలిసిన బళ్లు మళ్లీ ఎవరి దారిన వారు వెళ్లినట్టే ఇదీ.

అందుకే రెండు చోట్ల సరిచూడాలి. ఆకుపచ్చ కిరణాన్ని కదపకండి, అదే మీ కొలబద్ద. స్కానర్ ముందు ఒక అట్టముక్క మీద, దూరపు గోడ మీద దాని చుక్క పడినచోట గుర్తులు పెట్టుకోండి. ఇక ఎరుపు సంగతి. దాని దారిలో రెండు అద్దాలుండాలి. లేజర్‌కు దగ్గరున్న అద్దంతో అట్ట మీది చుక్కను, రంగులను కలిపే డైక్రోయిక్ అద్దంతో గోడ మీది చుక్కను గుర్తు మీదికి తెండి. ఒకటి కుదిరితే రెండోది చెడుతుంది. నాలుగైదు విడతలు తిప్పితే గానీ రెండూ దారికి రావు. తర్వాత నీలానికీ ఇదే పని.

ఎంత సున్నితమో ఒక లెక్క చెబుతాను. అద్దాన్ని సర్దే 3 మిల్లీమీటర్ల మర ఒక చుట్టుకు అర మిల్లీమీటరు జరుగుతుంది. అద్దం వాలే ఇరుసు నుంచి ఆ మర 30 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకోండి. పావు చుట్టు తిప్పితే 10 మీటర్ల అవతల చుక్క దాదాపు 8 సెంటీమీటర్లు పక్కకు పోతుంది, అద్దం వాలిన దానికి రెట్టింపు కిరణం తిరుగుతుంది కనుక. అద్దాలను చెక్క మీద బిగించుకున్నవారికి నా సానుభూతి. తేమకు చెక్క ఉబ్బితే రాత్రి కుదిరినది పొద్దున్నకు చెదిరిపోతుంది. మందపాటి అల్యూమినియం పలక వాడండి. లేజర్లు కాసేపు వెలిగి వేడెక్కాకే చివరి సర్దుబాటు చేయండి.

ఎర్రటి నీడకు ఇంకో కారణమూ ఉంది. ఎక్కువ శక్తి గల ఎర్ర డయోడ్‌లో వెలుగు చిన్న చుక్క నుంచి కాక వెడల్పాటి పట్టీ నుంచి పుడుతుంది. దూరం పోయేకొద్దీ అది గీతలా సాగుతుంది. ఒక జత సిలిండర్ కటకాలతో చాలావరకు అదుపులోకి వస్తుంది. మిగిలిన కాస్త ఎరుపుతో రాజీపడండి. ఇంకా కొననివారు 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎరుపు కంటే 638 ఎంచుకోవడం మేలు. అంతే శక్తికి కంటికి దాదాపు రెట్టింపు ప్రకాశంగా కనిపిస్తుంది.

సౌండ్ కార్డు సంగతి తేలిక. సాధారణంగా దాని చివర ఉండే కెపాసిటర్లు స్థిరమైన వోల్టేజీని అడ్డుకుంటాయి. బొమ్మ ఒక మూల నిలవాలంటే కావలసింది ఆ వోల్టేజీయే. కెపాసిటర్లు పీకి వాడేవారున్నారు గానీ, లేజర్ల కోసమే చేసిన ఐఎల్‌డీఏ డీఏసీ (కంప్యూటర్ సంకేతాలను లేజర్ షోల సంఘం ఐఎల్‌డీఏ ప్రమాణం ప్రకారం వోల్టేజీగా మార్చే పరికరం) కొనుక్కోమంటాను.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. లేజర్ శక్తి 5 మిల్లీవాట్లు దాటితే అది ప్రమాద స్థాయిల్లో 3బి తరగతి, 500 దాటితే అన్నిటికంటే ప్రమాదకరమైన 4వ తరగతి. అద్దాలు తిరుగుతున్నంతసేపూ కిరణం పరుగెడుతుంది. అవి ఆగితే శక్తంతా ఒకే చుక్కలో నిలిచిపోతుంది. స్కానర్ ఆగిన వెంటనే లేజర్లను ఆపే సర్క్యూట్ లేకుండా మనుషులున్న వైపు తిప్పకండి. సర్దుబాటు ఒక్కో రంగుతో, అతి తక్కువ శక్తితో, ఆ రంగుకు తగిన కళ్లజోడుతో చేయండి. చేతి గడియారం, ఉంగరం తీసేయండి, అవీ అద్దాలే.

ప్రశ్న: నా స్కానర్లు సెకనుకు 30,000 పాయింట్లవి. అయినా అక్షరాలు ఎందుకు మిణుకుమంటున్నాయి?

జవాబు: సెకనుకు 25 సార్లు గీయాలంటే ఒక్కో బొమ్మకు దక్కేది 1,200 పాయింట్లే. మూలల దగ్గర అద్దం ఆగి మలుపు తిరగడానికి అందులోంచే కొన్ని పోతాయి. పైగా ఆ 30,000 అన్నది 8 డిగ్రీల కోణంలో కొలిచిన లెక్క, అంతకంటే వెడల్పుగా గీస్తే ఆ వేగం అందదు. బొమ్మను చిన్నది చేయండి, లేదా అక్షరాలు తగ్గించండి.