రొయ్యల గుంటలున్న ఇంట్లో రొయ్యల షేర్లు కొనొచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కావలి దగ్గర తుమ్మలపెంట వైపు నాన్నకి ఆరెకరాల రొయ్యల గుంటలు, నీ చేతిలో 6 లక్షలు. ఒక ఫ్రెండేమో పాతిక కంపెనీల్లో తలా కాస్త పెట్టమంటాడు. ఇంకొకడు "నీకు తెలిసిన నాలుగింట్లోనే గట్టిగా పెట్టు, రెండు ఐటీ, రెండు ఆక్వా" అంటాడు. ఎవరి మాట వినాలని అడిగావు. రెండో అతని మాట మాత్రం వినబాక. నాలుగు కంపెనీలు తక్కువని కాదు, ఐటీ, ఆక్వా రెండూ మీ ఇంట్లో ఇప్పటికే నిండా ఉన్నాయి.

నేను ఇందుకూరుపేట దగ్గర రొయ్యల మేత, మందుల షాపు పెట్టి పద్నాలుగేళ్ళయింది. నాలుగెకరాల గుంట లీజుకి తీసుకుని సొంతంగా కూడా చేస్తా. 2016, 17లో వెనామీ రకం రొయ్య మంచి ఊపు మీదుంది. మేత లారీ వచ్చిన రోజే సగం బస్తాలు వెళ్ళిపోయేవి. ఏ కంపెనీ మేతకి రొయ్య ఎట్లా వస్తుందో, ఏ ఎగుమతి కంపెనీ రేటు సరిగ్గా ఇస్తుందో మనకి తెలిసినట్టు బొంబాయిలో కూర్చున్నోళ్ళకి ఏం తెలుసు అనుకున్నా. ఆ ధీమాతో 11 లక్షలు షేర్లలో పెట్టా. ఏడు కంపెనీలు. రెండు మేతవి, రెండు ఎగుమతివి, ఒకటి కోల్డ్ స్టోరేజీ, రెండు బ్యాంకులు. ఏడున్నాయి కదా, డైవర్సిఫై చేశా, అంటే డబ్బు విడదీసి పెట్టాననే అనుకున్నా. బ్యాంకులు తీసేస్తే ఐదు పేర్లున్నా అన్నిట్లో ఉండేది ఒకే రొయ్య అని తట్టలేదు.

2018 ఎండాకాలంలో రొయ్య రేటు పడిపోయింది. మే నెలలో ఒక సాయంత్రం మైపాడు వైపు రైతు ఒకాయన వచ్చి షాపులో స్టూలు మీద కూర్చున్నాడు. టీ తెప్పిస్తే ముట్టుకోలేదు. "వంద కౌంటుకే పట్టేశామన్నా. వచ్చింది కరెంటుకి, లీజుకి సరిపోయింది. మేత బాకీ వచ్చే పంటకి చూస్తా" అన్నాడు. వంద కౌంటంటే కిలోకి వంద తూగే చిన్న రొయ్య. ఆయన పద్దు, అంటే నాకివ్వాల్సిన బాకీ, 3 లక్షల 40 వేలు. పుస్తకంలో ఆ పేజీ మూల మడిచి, ఫోన్ తీసి చూస్తే రొయ్యల షేర్లన్నీ ఎర్రగా ఉన్నాయి. అట్లా మూల మడిచిన పేజీలు ఆ నెలలో పంతొమ్మిది.

నేను కంపెనీకి నగదు కట్టి లోడు దించుకుంటా, రైతుకి పంట పట్టేదాకా అప్పిస్తా. అందుకని షాపులో డబ్బు ఆగిపోయింది. నా గుంటలో పంటకీ రేటు లేదు. డీమ్యాట్‌లో అంటే షేర్లుండే ఖాతాలో ఆ ఐదు కంపెనీల డబ్బు సగానికొచ్చింది. మూడు దెబ్బలూ ఒకే నెలలో. తర్వాత లోడుకి డబ్బు కావాల్సొచ్చి షేర్లు అడుగున ఉన్నప్పుడే అమ్మా. 3 లక్షల 70 వేలు పోయింది. ఓపిక పట్టుంటే వాటిలో కొన్ని తర్వాత లేచాయి. ఆ ఓపిక పట్టడానికే నా దగ్గర డబ్బు లేదు.

తెలిసిన రంగంలో పెట్టడం తప్పని నేననను. కానీ మనకి బాగా తెలిసిన రంగం సాధారణంగా మనకి కూడు పెట్టే రంగమే. గుంట సంగతి వేరు. మేత వేసిన రెండు గంటలకి గుంటలో దించిన చెక్ ట్రే (మేత, రొయ్య చూసుకునే పళ్ళెం) తాడు లాగి పైకి తీస్తా. మేత మిగిల్చిందా, పేగు నిండిందా, వైట్ గట్ (పేగు తెల్లబడే జబ్బు) ఏమన్నా ఉందా, కంటికి కనపడుద్ది. తేడాగా ఉంటే ఆ పూటే మేత తగ్గిస్తా, రాత్రికి నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ ఇంకోటి వేస్తా. నాలుగెకరాల్లో అంత డబ్బు దించే ధైర్యం ఆ ట్రే వల్లే. షేరుకి ట్రే యాడుంది? మూడు నెలలకోసారి కంపెనీ చెప్పిన లెక్క వినాలి, నమ్మాలి. ఆ లెక్కే అబద్ధమైతే ఏమవుద్దో సత్యం కంప్యూటర్స్‌తో చూశాం. 2009 జనవరి 6న షేరు 179 రూపాయల దగ్గరుంది. మర్నాడు లెక్కలు దొంగవని ఒప్పుకుంటూ ఛైర్మన్ రాసిన ఉత్తరం బయటపడగానే 40 దగ్గరకి వచ్చి పడింది. అక్కడే ఉద్యోగం చేస్తూ ఆ షేర్లే దాచుకున్నవాళ్ళకి జీతం మీదా బెంగే, దాచిందాని మీదా బెంగే. మీ కంపెనీ నీకు షేర్లేమన్నా ఇచ్చిందో లేదో నువ్వు రాయలేదు. ఇచ్చి ఉంటే వాటినీ లెక్కలో వేసుకో.

అట్లాగని పాతిక కంపెనీలూ వద్దు. కందుకూరులో మా మామ ఒకాయన, రిటైరైన మాస్టారు, ఎవరేం చెబితే అది తలా కాస్త కొన్నాడు. పోయాక ట్రంకు పెట్టె తీస్తే 43 కంపెనీల కాగితాలు. ఇళ్ళు మారాడు, బ్యాంకు ఖాతా మారింది, డివిడెండ్లు తిరిగిపోయాయి. వరసగా ఏడేళ్ళు డివిడెండ్ తీసుకోకపోతే షేర్లే ఐఈపీఎఫ్ అనే కేంద్రం నిధికి వెళ్ళిపోతాయి. వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ కంపెనీకొక దరఖాస్తు, కంపెనీకొక కాగితాల కట్ట. పైగా 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లు ఇంకొకరికి అమ్మాలంటే ముందు డీమ్యాట్ చేయించుకోవాల్సిందే. మా బావమరిది ఏడాదిన్నరగా అదే పనిలో ఉన్నాడు. వాటిలో సగం కంపెనీలు ఏం చేస్తాయో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

పాతిక కావాలనుకుంటే నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ కొను, దేశంలోని 50 పెద్ద కంపెనీల్లో తలా కాస్త పెట్టే ఫండ్ అది, ఒక్క దెబ్బకి 50 వస్తాయి. నా డబ్బులో 60 శాతం నిఫ్టీ 50 ఫండ్‌లోనే ఉంది. ఒక సంగతి చూసుకో: నిఫ్టీలో దాదాపు మూడో వంతు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలే. దాని పక్కన మళ్ళీ మూడు బ్యాంకు షేర్లు కొంటే నేను 2017లో చేసిన పనే ఇంకో రకంగా చేసినట్టు. ఐటీ కూడా అందులో ఎటూ ఉంది, నీకు అది చాలు.

మిగతా 40 శాతం తొమ్మిది కంపెనీల్లో ఉంది. కొనే ముందు ఒక్కటే చూస్తా: ఏ ఒక్క వార్త వస్తే నా షాపూ, ఈ షేరూ కలిసి పడతాయి? అట్లాంటి వార్త ఏదన్నా తడితే ఆ షేరు జోలికి పోను. అందుకే ఆక్వా ఒక్కటీ లేదు. రైతులకి అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీ ఒకటి మంచి రేటులో ఉన్నా వదిలేశా. కొనేటప్పుడు ఏ ఒక్క కంపెనీలోనూ మొత్తంలో 10 శాతం మించను. షేర్ మార్కెట్‌కి నియమాలు పెట్టే సెబీ కూడా మామూలు ఈక్విటీ ఫండ్లకి ఒకే కంపెనీలో 10 శాతం మించొద్దనే గీత గీసింది. రోజంతా అదే పని చేసేవాళ్ళకే ఆ గీత ఉంటే, మేత బస్తాలు లెక్కపెట్టుకునే నాకెందుకు ఉండకూడదు?

ఈ పద్ధతి వల్ల నాకు పోయిందీ ఉంది. ఒక పంపుల కంపెనీ షేరు పెరిగి పెరిగి మొత్తంలో 28 శాతం అయింది. సగం అమ్మా. కొని ఏడాది దాటిన షేర్ల లాభంలో ఏడాదికి 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. అందుకని రెండు పన్ను ఏడాదుల్లో పడేట్టు కొంత మార్చిలో, కొంత ఏప్రిల్లో అమ్మా. అమ్మిన ఏడాదికి ఆ షేరు రెట్టింపయింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుద్ది, నాకూ కడుపు మండుద్ది. మళ్ళీ అట్లాంటిది వచ్చినా సగం అమ్ముతా.

ఎందుకంటే 2025 చూశా. ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. మన రొయ్యకి పెద్ద గిరాకీ అక్కడే. షాపులో మళ్ళీ పేజీల మూలలు మడిచే పని పడింది. ఈసారి లోడుకి డబ్బు కావాల్సొస్తే ఇండెక్స్ ఫండ్‌లోంచి 1 లక్షా 80 వేలు తీశా, లాభంతోనే. షాపు కష్టం షాపు దగ్గరే ఆగింది.

నీ 6 లక్షల సంగతికొస్తే, ఇవాళ రాత్రి నాన్నకి ఫోన్ చేసి మేత షాపులో బాకీ ఎంతుందో, గుంటల మీద బ్యాంకు లోన్ ఎంతుందో అడుగు. ఒక పంట పోతే ఇంటికి ఎంత పంపాల్సొస్తుందో అప్పుడు తేలుద్ది. ఆ డబ్బు షేర్లలో పెట్టబాక, బ్యాంకులో ఉంచు. మిగిలిందాంట్లో ఇండెక్స్ ఫండ్‌తో మొదలుపెట్టు. నా పుస్తకంలోనూ మీలాంటి ఇళ్ళ పద్దులున్నాయి. హైదరాబాద్‌లో ఉండే పిల్లల్లో చాలామందికి ఆ పద్దు ఉందనే తెలియదు.