పక్కింట్లో మనిషి పోయినా ఏడుపు వినబడలేదు, ఈ బ్రిటిష్ వాళ్ళకు మనసుండదా?

అడిగినవారు ఈ మధ్యే ఇంగ్లండ్ వచ్చారట. పక్కింటి ముసలాయన పోయి వారమైనా ఇంటి ముందు జనం లేరు, ఏడుపు లేదు, అంత్యక్రియలేమో ఇంకో రెండు వారాల తర్వాతట. "వీళ్ళకు ప్రేమలూ బంధాలూ ఉండవా? మేం వెళ్ళాలా వద్దా?" అని అడుగుతున్నారు.

వెళ్ళండి. తప్పకుండా వెళ్ళండి. ఎందుకు వెళ్ళమంటున్నానో తెలియాలంటే మా పక్కింటి పెద్దాయన సంగతి చెప్పాలి.

మేం 2011 నుంచి డెర్బీలో ఉంటున్నాం. గోడకు గోడ ఆనుకుని ఉండే ఇళ్ళ వీధి మాది. పెద్దాయన రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. కూర్చోబెట్టి కబుర్లు చెప్పే మనిషి కాదు. ఎదురుపడితే "చలెక్కువైంది కదా, డక్" అనేవారు, అంతే. మనం అమ్మా, తల్లీ అన్నట్టుగా డెర్బీలో వాళ్ళు డక్ అంటారు. మంచు కురిసిన రోజు మేం లేచేసరికి మా గుమ్మం ముందు కూడా ఉప్పు చల్లి ఉండేది. చెత్తబండి వచ్చే రోజు మేం మర్చిపోతే, మా బిన్ దానంతట అదే నడిచి వెళ్ళినట్టు రోడ్డు పక్కకు చేరేది. థాంక్స్ చెప్పబోతే ఆయన ఆకాశం వైపు చూసి, మధ్యాహ్నం వాన పడేలా ఉంది అనేవారు.

2017 ఫిబ్రవరిలో ఆయన ఆసుపత్రిలో పోయారు. ఆ సాయంత్రం నాకు కాళ్ళు ఆడలేదు. మా రాజమండ్రిలో అయితే ఈపాటికి వీధి వీధంతా ఆ ఇంటి ముందుండేది. టెంటు, కుర్చీలు, లోపల్నుంచి ఏడుపులు. ఇక్కడ కర్టెన్ వేసి ఉంది, లోపల ఒక్క దీపం. ఉండలేక వెళ్ళి తలుపు కొట్టాను. పెద్దాయన భార్య తలుపు తీసి, నా మొహం చూసి, "లోపలికి రా డక్, కెటిల్ పెడతాను" అంది.

భర్త పోయిన మనిషి నాకు టీ కాచి ఇవ్వడమేమిటని నాకు ప్రాణం ఉసూరుమంది. నేను చేస్తానన్నా ఒప్పుకోలేదు. వంటింటి గట్టు దగ్గర నిలబడి, కప్పులో టీ బ్యాగును చెంచాతో అంచుకు నొక్కుతూ ఉండిపోయింది. నొక్కుతూనే ఉంది. టీ నల్లగా చేదైపోయేదాకా నొక్కింది. తర్వాత పాలు పోసి, "చక్కెర ఒకటేగా?" అని అడిగింది. ఆ చెంచా దగ్గర నేను చూసిన దుఃఖం గుండెలు బాదుకునే ఏడుపులో కూడా చూడలేదు. అప్పటినుంచి వీళ్ళకు మనసు లేదని ఎవరన్నా నేను ఊరుకోను.

ఇక ఆ మూడు వారాల ఆలస్యం సంగతి. ఫోన్‌లో మా అమ్మ కూడా ఇదే అడిగింది, "మూడు వారాలు మనిషిని ఐసులో పెట్టడమేమిటే, మహా పాపం" అని. మన దగ్గర పొద్దున పోతే సాయంత్రానికి కోటిలింగాల రేవుకు చేరాల్సిందే. ఇక్కడి లెక్క వేరు. డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి, రిజిస్ట్రార్ ఆఫీసులో మరణం నమోదు చేయించాలి, అప్పట్లో దహనానికి ఇద్దరు డాక్టర్ల సంతకాలు కావాల్సి వచ్చేవి. ఆ తర్వాత క్రిమటోరియంలో, అంటే దహనవాటికలో, టైము దొరకాలి, చలికాలంలో అది మరీ కష్టం. వాళ్ళు పూడ్చిపెడతారు కదా అని కూడా అమ్మ అడిగింది. ఆ రోజులు ఎప్పుడో పోయాయి. 1884లో వేల్స్‌లో విలియం ప్రైస్ అనే డాక్టరు తన పసిబిడ్డ శవాన్ని దహనం చేయబోయాడని కేసు పెడితే, దహనం నేరం కాదని జడ్జి తీర్పు ఇచ్చాడు. మరుసటి ఏడాదే వోకింగ్‌లో మొదటి క్రిమటోరియం పని మొదలుపెట్టింది. ఇప్పుడు ఈ దేశంలో నాలుగింట మూడొంతుల మందికి పైగా దహనమే చేస్తున్నారు.

ఆ మూడు వారాలూ ఆ ఇంటి తలుపు ఎవరూ కొట్టలేదని మీకు అనిపిస్తుంది. తలుపుకున్న ఉత్తరాల సందు మాత్రం ఖాళీగా లేదు. రోజూ సంతాపం కార్డులు. ముందు పొయ్యిగూటి మీద వరసగా పెట్టింది, తర్వాత టీవీ బల్ల మీద, చివరికి దారం కట్టి గోడకు వేలాడదీసింది. పొద్దున తలుపు తీస్తే మెట్టు మీద మూత పెట్టిన గిన్నె ఉండేది, ఎవరిదో పేరు కూడా ఉండదు. పిలవకుండా లోపలికి వెళ్తే ఆవిడకు ఇబ్బందని గిన్నె పెట్టి వెళ్ళిపోయేవారు. మన వాళ్ళు పరామర్శకొచ్చి మూడు గంటలు కూర్చుంటే, ఆ ఇంటి ఆడవాళ్ళు ఏడుపు దిగమింగి కాఫీలు కలుపుతూ ఉంటారు. నేను మా ఇంట్లోనే చూశాను. ఆ విషయంలో వీళ్ళ పద్ధతే నాకు నచ్చింది.

అంత్యక్రియలకు ఏం కట్టుకుని రావాలని ఆవిడనే అడిగాను. మనకు తెలుపు, వాళ్ళకు నలుపు, నాకు టెన్షన్. "వెచ్చగా ఉండేది వేసుకో డక్, అక్కడ గాలి ఎక్కువ" అంది.

ఆ రోజు మా వీధి మొదట్లో శవపేటిక ఉన్న పొడవాటి నల్ల కారు ఆగింది. ఎత్తు టోపీ పెట్టుకున్న ఆయన దిగి, పేటికకు తల వంచి, కారు ముందు నడవడం మొదలుపెట్టారు. వెనక కారు మనిషి నడకతో సమానంగా కదిలింది. ఇళ్ళల్లోంచి జనం వచ్చి గుమ్మాల ముందు నిలబడ్డారు. ఐదారేళ్ళుగా ఒకరితో ఒకరు నాలుగు మాటలు మాట్లాడుకోవడం నేను చూడని మనుషులు. బస్‌స్టాపులో ఒక ముసలాయన, పెద్దాయనతో ఏ పరిచయమూ లేనివాడు, టోపీ తీసి గుండెలకు ఆనించుకుని కారు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాడు. వెనక వచ్చిన కార్లలో ఒక్కటీ హారన్ కొట్టలేదు, దాటి పోలేదు. మన ఊళ్ళో శవయాత్రను దాటుకుని హారన్ మోగించుకుంటూ పోయే బైకులు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

మార్కీటన్ క్రిమటోరియంలో అంతా కలిపి ముప్పావు గంట కూడా పట్టలేదు. పేటిక మీద డెర్బీ కౌంటీ ఫుట్‌బాల్ టీమ్ నలుపు తెలుపు మఫ్లరు. ఆ టీమ్ 1972లోనూ 1975లోనూ లీగ్ గెలిచింది, పెద్దాయన నోరు విప్పి మాట్లాడేది ఆ రెండు సంవత్సరాల గురించే. కొడుకు లేచి కాగితం చూసి చదివాడు. చిన్నప్పుడు స్కెగ్నెస్ బీచికి సెలవులకు తీసుకెళ్ళి, తీరా అక్కడికెళ్ళాక టెంటు గుంజలు ఇంట్లోనే మర్చిపోయానని తెలిసి, టెంటును ఒకవైపు కారుకూ ఇంకోవైపు కంచెకూ కట్టి నాన్న మూడు రాత్రులు గడిపేశారని చెప్పాడు. జనమంతా నవ్వారు. శవపేటిక ఎదురుగా ఉండగా నవ్వడమేమిటని నాకు ఒళ్ళు జలదరించింది. ముందు వరసలో ఆవిడ నవ్వుతూ ఉంది, కళ్ళలోంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

ఆ తర్వాత సోషల్ క్లబ్బులో టీ, సాండ్‌విచ్‌లు. చాలావరకు హామ్, పంది మాంసమే. నేనేమీ తినకుండా ఒక మూల నిలబడితే వాళ్ళ అమ్మాయి వచ్చి, ప్లాస్టిక్ కవరు చుట్టి విడిగా దాచిన ప్లేటు చేతిలో పెట్టింది. పైన కాగితం ముక్క మీద "పక్కింటి వాళ్ళకు, మాంసం లేదు" అని రాసి ఉంది. తండ్రిని సాగనంపే రోజు పొద్దున లేచి, నేను మాంసం తిననని గుర్తుపెట్టుకుని, చీజ్ సాండ్‌విచ్‌లు విడిగా చేసిన పిల్ల అది. ఉప్పూ కారం లేని తిండని మన వాళ్ళు వెక్కిరిస్తారు గానీ, ఆ రెండు ముక్కలూ నేను కళ్ళకద్దుకుని తిన్నాను. రాత్రి అమ్మ ఫోన్ చేసి, "చావింట్లో మంచినీళ్ళయినా ముట్టలేదు కదా?" అంది. తిన్నానని చెప్పాను. కాసేపు ఆగి, "సర్లే, తలస్నానం చేసి దీపం పెట్టుకో" అంది. అలాగే చేశాను.

ఇక్కడ మన తెలుగు వాట్సాప్ గ్రూపుల సంగతి చెప్పకుండా ఉండలేను. తెల్లవాళ్ళు తల్లిదండ్రుల్ని వదిలేస్తారు, వాళ్ళకు కుటుంబం లేదు అని రోజూ ఒక మెసేజ్ తిరుగుతుంది. అవి పంపేవాళ్ళలో పక్కింటి వాళ్ళ పేరు తెలిసినవాళ్ళు ఎంతమంది? పదేళ్ళుగా ఇక్కడే ఉండి, వారాంతాల్లో మన వాళ్ళ ఇళ్ళకే తిరిగి, గోడకవతల మనిషి ఉన్నాడో పోయాడో తెలియనివాళ్ళకు ఆ మాట అనే హక్కు లేదు. శవం ముఖాన్ని ఫోటో తీసి స్టేటస్ పెట్టే అలవాటు మనదే, అదీ చెప్పుకోవాలి.

వీళ్ళలో లోపం లేదని అనను. ముసలివాళ్ళ ఒంటరితనం ఇక్కడ నిజంగానే పెద్ద సమస్య, 2018లో దాని కోసం ఏకంగా ఒక మంత్రినే పెట్టారు. ఇప్పుడు ఎవరూ రాకుండా, ఏ తంతూ లేకుండా అంత్యక్రియల కంపెనీ వాళ్ళే దహనం చేసి బూడిద పంపించే పద్ధతి కూడా పెరుగుతోంది. మామూలుగా చేస్తే నాలుగు వేల పౌండ్లకు అటూ ఇటూ అవుతుంది కాబట్టి డబ్బు లేనివాళ్ళను నేను తప్పుపట్టను. ఉన్నవాళ్ళు కూడా అదే చేస్తుంటే మాత్రం బాధగా ఉంటుంది.

దుఃఖాన్ని వీళ్ళు ఒక క్రమంలో పెట్టి మోస్తారు. 2022 సెప్టెంబరులో రాణి ఎలిజబెత్ పార్థివదేహం వెస్ట్‌మినిస్టర్ హాల్లో ఉంచినప్పుడు, థేమ్స్ పక్కన సదర్క్ పార్కు దాకా మైళ్ళకొద్దీ క్యూ కట్టి, కొందరు రాత్రంతా నిలబడి, పేటిక ముందు ఒక్కసారి తల వంచి వెళ్ళిపోయారు. దాదాపు రెండున్నర లక్షల మంది. ఏడుపులు పెద్దగా లేవు. మనసు లేనివాళ్ళు పన్నెండు గంటలు ఎందుకు నిలబడతారు?

మీ ప్రశ్నకు వస్తాను. తేదీ, సమయం ఎప్పుడని ఆ ఇంటివాళ్ళను అడగండి, ఏమీ అనుకోరు. పది నిమిషాలు ముందే వెళ్ళండి, ఆలస్యంగా వెళ్తే మాత్రం చాలా తప్పు. పూలు కొనే ముందు కనుక్కోండి, చాలామంది, మా కుటుంబం వాళ్ళు తెచ్చే పూలు చాలు, మిగతావాళ్ళు ఏదైనా సేవాసంస్థకు డబ్బివ్వండి అంటారు. ఇవాళే ఒక కార్డు కొని తలుపు సందులో వేయండి. అచ్చువేసిన మాటల కింద మీ పేరు రాసి వదిలేయకండి. ఆయన గురించి మీకు గుర్తున్న ఒక్క విషయం రాయండి, ఎంత చిన్నదైనా సరే.

ఇది నాకు ఆవిడ నేర్పిందే. మా నాన్నగారు 2015 వేసవిలో మా దగ్గరికి వచ్చి రెండు నెలలున్నారు. కడియం నర్సరీల్లో పనిచేసిన మనిషి, ఇంగ్లీషు రాదు. పెద్దాయనకు తెలుగు రాదు. ఇద్దరూ కంచెకు చెరోవైపు నిలబడి సాయంత్రాలు గడిపేవారు. 2020 ఏప్రిల్‌లో నాన్న పోయినప్పుడు విమానాలు లేవు. నేను వెళ్ళలేకపోయాను, వీడియోలో చూశాను. లాక్‌డౌన్ కాబట్టి ఇక్కడా ఎవరూ ఇంటికి రాలేదు. మర్నాడు పొద్దున తలుపు సందులోంచి ఒక కవరు పడింది. కార్డులో ఆవిడ వణుకుతున్న చేతిరాత, మూడే వరసలు: "మీ నాన్నగారు మా టొమాటో మొక్కలకు కర్రలు కట్టి వెళ్ళారు. ఆ ఏడాది కాసినన్ని కాయలు మళ్ళీ కాయలేదు. మా ఆయన ఆ కర్రలను పారేయనివ్వలేదు, ఇంకా షెడ్‌లోనే ఉన్నాయి."