కోడింగ్ రాకపోయినా యాప్ చేసుకోవచ్చు, ముందు అప్రూవల్స్ సంగతి చూడండి

"కోడింగ్ రాదు. కుర్చీలు, లాప్‌టాప్‌లు, ఏసీ కంప్లయింట్ల కోసం ఆఫీసులో నో-కోడ్ యాప్ నేనే చేసుకోగలనా? ఏ టూల్ మంచిది?" అని అడిగారు. నిక్షేపంగా చేసుకోవచ్చు. ఆఫీసు మెయిల్ మైక్రోసాఫ్ట్‌ది అయితే షేర్‌పాయింట్ లిస్టు (ఆన్‌లైన్ పట్టిక లాంటిది) పెట్టి దాని మీద పవర్ యాప్స్, గూగుల్‌ది అయితే షీటు పెట్టి దాని మీద యాప్‌షీట్. టూల్ గురించి ఇంతకుమించి బుర్ర పాడుచేసుకోవడం దండగ. నేను అడ్మిన్‌లో పనిచేస్తాను, కోడింగ్‌లో ఓనమాలు రావు, మా యాప్ నేనే చేశాను.

అసలు తలనొప్పి అప్రూవల్స్‌తోనే. మా దగ్గర ఒకాయన కుర్చీ మార్చమని రిక్వెస్టు పెట్టారు. కూర్చున్న కాసేపటికే సీటు మెల్లగా కిందికి దిగిపోయేది, పాపం మాటిమాటికీ లేచి లివర్ ఎత్తుకునేవారు. రిక్వెస్టు మేనేజర్‌కి వెళ్లింది. మేనేజర్ లాంగ్ లీవులో ఉన్నారు. చివరికి ఆ కుర్చీ అడిగినాయన ఫోన్ పట్టుకుని నా సీటు దగ్గరికే వచ్చి, "మేడమ్, ఇంకా పెండింగ్ అనే చూపిస్తోంది. ఎవరి దగ్గర ఆగిందో అదైనా చెప్పండి" అన్నారు. తెరిచి చూస్తే ఎవరి దగ్గరా లేదు! రిక్వెస్టుల్ని తనంతట తానే పంపేది పవర్ ఆటోమేట్ అనే మైక్రోసాఫ్ట్ టూల్, అందులో కట్టుకున్న పనుల వరసను ఫ్లో అంటారు. ఒక ఫ్లో 30 రోజులకు మించి ఎదురుచూడదు. గడువు దాటగానే ఆగిపోయింది. లిస్టులో స్టేటస్ మార్చాల్సింది కూడా ఆ ఫ్లోనే కాబట్టి అక్కడ పెండింగ్ అలాగే ఉండిపోయింది. స్టోర్ రూమ్‌లో చూస్తే కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఉన్న కుర్చీ ఇవ్వడానికి మేనేజర్ అనుమతి ఎందుకండీ అని అడిగితే, "మొదట్నుంచీ అంతే" అన్నారు. పాత కాగితం ఫారంలో సంతకానికి ఒక గడి ఉండేదట, అదీ కారణం.

డబ్బు ఖర్చు లేని రిక్వెస్టులన్నిటికీ అప్రూవల్ తీయించేశాను. నన్నడిగితే ఏ ఆఫీసులోనైనా అప్రూవల్స్‌లో ముప్పావు వంతు ఊరికే ఉన్నవే. తప్పనిసరి అయినవాటికి రెండో మనిషి పేరు కూడా లిస్టులో పెట్టండి. రోజూ పొద్దున్నే నడిచే చిన్న ఫ్లో ఒకటి రాసి, రెండు రోజులుగా కదలని రిక్వెస్టును ఆ రెండో మనిషికి పంపించండి.

పైవాళ్లకు ఇవేవీ పట్టవు. డెమో చూపిస్తే లోగో ఇంకాస్త పెద్దది చేయమంటారు, తర్వాత డ్యాష్‌బోర్డు అడుగుతారు, దాన్ని ఒక్కసారి కూడా తెరవరు. డ్రాప్‌డౌన్‌లో "ఇతరములు" అనే ఆప్షన్ మాత్రం ఎవరడిగినా పెట్టకండి. ఏసీలోంచి నీళ్లు కారుతున్నా జనం అందులోనే పడేస్తారు.

పవర్ యాప్స్ అయితే ఫార్ములా పక్కన వచ్చే పసుపు త్రికోణాన్ని చూసీచూడనట్టు వదలకండి. అది వచ్చిందంటే ఆ ఫార్ములా లిస్టులో మొదటి 500 వరసలే చూస్తోందని అర్థం కావచ్చు. సెట్టింగ్స్‌లో పెంచుకున్నా 2000 దాకానే. లిస్టు చిన్నగా ఉన్నన్నాళ్లూ తెలియదు. పెరిగాక కొత్త రిక్వెస్టులు కనబడవు, అందరూ మీరే తొక్కిపెట్టారంటారు.

ఫ్లోలు మీ సొంత లాగిన్‌తో కట్టకండి, ఐటీ వాళ్లనడిగి ఒక కామన్ అకౌంట్ తీసుకోండి. రేపు మీరు ఉద్యోగం మారి, మీ అకౌంట్ మూసేస్తే కనెక్షన్లు తెగి ఫ్లోలు ఫెయిలవుతాయి, ఫోన్లు మాత్రం మీకే వస్తాయి.