సమాధానం: రాస్ప్‌బెర్రీ పై బోర్డును మనమే చేయించుకోవచ్చా?

తమ్ముడూ, లైనక్స్ నడుస్తోంది కాబట్టి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఓపెన్ హార్డ్‌వేరే (డిజైన్ అందరికీ ఇచ్చేసినదే) అనుకుని, దాని పీసీబీ (సర్క్యూట్ బోర్డు) ఫైళ్ల కోసం వారం నుంచి వెతుకుతున్నానన్నావు. దొరకవు. రాస్ప్‌బెర్రీ పై కంపెనీవాళ్లు బయటపెట్టింది కుదించిన స్కీమాటిక్ (ఏ భాగం దేనికి కలుస్తుందో చూపే పటం) మాత్రమే, లేఅవుట్ (బోర్డు మీద భాగాలు, తీగలు ఎక్కడుండాలో చూపే గీత) ఇవ్వలేదు. బోర్డును మొదట లేపే ప్రోగ్రాం (బూట్ ఫర్మ్‌వేర్) సోర్సూ లేదు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొనుక్కోవడం తేలికే, మనం మార్చి చేయించుకోవడమే కుదరదు.

కంప్యూట్ మాడ్యూల్ 4 (ప్రాసెసర్, మెమరీ మాత్రం ఉన్న చిన్న రాస్ప్‌బెర్రీ పై) కొని, అది కూర్చునే కింది బోర్డు నువ్వే గీసుకో. దానికి నమూనా కింది బోర్డైన ఐఓ బోర్డు ఫైళ్లు, కైక్యాడ్ (బోర్డులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్) రూపంలో వాళ్లే ఇచ్చారు. మొత్తం బోర్డే నీదై ఉండాలంటే బీగల్‌బోన్ బ్లాక్ అనే ఇలాంటిదే ఇంకో బోర్డు చూడు: స్కీమాటిక్, లేఅవుట్, విడిభాగాల జాబితా అన్నీ ఉన్నాయి. చిప్పు లోపలి డిజైన్ మాత్రం అక్కడా రహస్యమే, ఆర్డునో ఊనో అనే ఓపెన్ బోర్డులోనూ అంతే.

ఎన్ని బోర్డులు కావాలో చెప్పలేదు నువ్వు. యాభైలోపైతే మొదటి దారే, అంటే కంప్యూట్ మాడ్యూలే నయం.