1995 బ్యూక్ రోడ్‌మాస్టర్ వ్యాగన్ కొనవచ్చా? విడిభాగాలు దొరుకుతాయా?

న్యూజెర్సీలో మీరు చూసిన బండికి వాన పడితే ఇంజిన్ తడబడుతోందనీ, వెనక తలుపు అడుగున తుప్పు ఉందనీ రాశారు. డాలస్ దగ్గర ఉంటూ అదే ఏడాది వ్యాగన్‌ను (వెనక సామాను చోటు దాకా పైకప్పు సాగిన పొడవాటి కారును) ఆరేళ్లుగా నడుపుతున్నాను కనుక చెబుతున్నాను: ఇంజిన్ గురించి కాదు, తుప్పు గురించి ఆలోచించండి.

వాన తడబాటుకు కారణం చాలావరకు ఆప్టిస్పార్క్ అనే డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు పంచే భాగం) అయి ఉంటుంది. దాన్ని ఇంజిన్ ముందు భాగంలో, సరిగ్గా వాటర్ పంపు కింద అమర్చారు. పంపు కారడం మొదలైతే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) పడేది దానిమీదే. లోపలి పలుచని చక్రంలోని చీలికల గుండా వెలుగు ప్రసరించే తీరును బట్టి స్పార్క్ వేళ నిర్ణయమవుతుంది కనుక, తేమ చేరితే ఇంజిన్ లయ తప్పుతుంది. నేను మొదట చవకగా దొరికిన డిస్ట్రిబ్యూటర్ వేసి, పాత పంపునే ఉంచాను. నాలుగు నెలలకు మళ్లీ విప్పి చూస్తే మూత లోపల తెల్లటి పొర పేరుకుని ఉంది. రెండోసారి, ఆ వెలుగును పసిగట్టే సెన్సర్ మిత్సుబిషిది ఉన్న డిస్ట్రిబ్యూటర్ తెప్పించి, పంపునూ మార్చాను. మూడేళ్లుగా ఇబ్బంది లేదు. 1995లో దీనికి గాలి ఆడే ఏర్పాటు చేశారు, బిగింపు కూడా మారింది కాబట్టి 1994 బండిది మీకు సరిపోదు. పని ముగిశాక కూలెంట్‌లోని గాలిని ఓపికగా తీసేయాలి, లేకపోతే ఇంజిన్ వేడెక్కుతుంది.

ఈ 5.7 లీటర్ల ఎల్‌టీ1 ఇంజిన్‌నే షెవ్రొలే కప్రీస్ పోలీసు కార్లలోనూ, ఇంపాలా ఎస్‌ఎస్‌లోనూ, కాడిలాక్ ఫ్లీట్‌వుడ్‌లోనూ వాడారు. కాబట్టి ఇంజిన్, బ్రేకుల సామాను రాక్‌ఆటో వంటి ఆన్‌లైన్ విడిభాగాల దుకాణాల్లో సులభంగానే దొరుకుతుంది. చిక్కంతా బండి వెనక సగంతోనే. పక్కకూ కిందికీ రెండు విధాలా తెరుచుకునే ఆ తలుపు సెడాన్లకు లేదు. కప్రీస్ వ్యాగన్, 1991–92 ఓల్డ్స్‌మొబైల్ కస్టమ్ క్రూయిజర్ మాత్రమే మనకు చుట్టాలు. నడినెత్తిన ఉండే పైకప్పు అద్దం కప్రీస్‌లో లేదు గనుక, అది పగిలితే వెతుకులాట ఇంకా కష్టం. ఈ కారు తయారైన ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీ మా ఇంటికి దగ్గరే గానీ, 1996 తరువాత అక్కడ పెద్ద ఎస్‌యూవీల పనే నడుస్తోంది.

నా బండికి వేసిన వెనక తలుపు టెక్సస్‌లోని ఒక పాత కార్ల యార్డులో, కప్రీస్ నుంచి దొరికింది. మంచు కరగడానికి మీ వైపు రోడ్ల మీద చల్లే, రేకును తుప్పు పట్టించే ఉప్పును ఇక్కడ అంతగా చల్లరు, అందుకే అడుగు భాగం శుభ్రంగా ఉంది. దాన్ని దించడానికి ఇద్దరం కావలసి వచ్చింది. తొందరలో వైపర్ తీగలను కనెక్టర్ దగ్గర విప్పకుండా కత్తిరించాను; వాటిని తిరిగి అతకడానికి ఒక ఆదివారమంతా పోయింది. చెక్కలా కనిపించే వినైల్ స్టిక్కర్ దానికి లేదు, ఇప్పటికీ అతికించలేదు.

డబ్బు ఇచ్చే ముందు వెనక్కి తిరిగి ఉండే మూడో వరుస సీటు దగ్గర తివాచీ ఎత్తి, పాదాలు పెట్టుకునే గుంటను టార్చి వేసి చూడండి. తుప్పు తలుపు అంచుకే పరిమితమైతే బేరమాడి కొనండి. నేల రేకు కూడా స్క్రూడ్రైవర్ మొనకు లొంగుతుంటే, ఎంత తగ్గించినా ఆ బండిని వదిలేయండి.