అమ్మడూ, రెండో భాగం తీసే ముందు

అమ్మడూ,

రెండో భాగం మొదలెడుతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడు. వాడి గొంతులో గర్వం వింటుంటే నాకూ పొంగింది, ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ముసుగేసుకుని కత్తి పట్టుకు తిరిగేవాడి సినిమా మా ఇంటి ఆడపిల్ల తీసింది, జనం చూశారు, ఇంకోటి కావాలంటున్నారు అంటే నాకెంత సంతోషమో మీ పెద్దమ్మని అడుగు. కానీ నలభై ఏళ్ళు విజయవాడ గాంధీనగర్ సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో రిప్రజెంటేటివ్‌గా బతికినవాణ్ణి, ప్రింటు బాక్సులు బస్సు మీద వేసుకుని ఊరూరూ తిరిగినవాణ్ణి, చెప్పకుండా ఉండలేను.

బడ్జెట్ రాసుకోవడం, ఆర్టిస్టులతో అగ్రిమెంట్లు, అవన్నీ నీకు తెలిసినవే. ఇల్లు మాత్రం తాకట్టు పెట్టనివ్వకు, మీ నాన్న తనంతట తానే పెడతానన్నా సరే. కత్తులన్నీ రబ్బరువే ఉండాలి, ఒక్క క్లోజప్ కోసమైనా పదునున్నది సెట్ మీదకి రానివ్వకు.

ఇక అసలు సంగతి. 1986లో ముగ్గురం కలిసి ఒక డబ్బింగ్ సినిమా గుంటూరు జిల్లా హక్కులు కొన్నాం. అదీ రెండో భాగమే. మొదటిది బాగా ఆడింది కదా అని చూడకుండానే అడ్వాన్సు ఇచ్చేశాం, అందులో మీ పెద్దమ్మ గాజులు కూడా ఉన్నాయి. శుక్రవారం మ్యాట్నీ అవగానే హాలు మేనేజరు వచ్చి, "ల్యాగ్ ఉందండీ, హత్యకీ హత్యకీ మధ్య జనం సీట్లలో కదులుతున్నారు, కాస్త కత్తిరించండి" అన్నాడు. నేనసలే టెన్షన్‌లో ఉన్నా. సరే అని ప్రొజెక్టర్ క్యాబిన్‌లోకెళ్ళి, ఆపరేటర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని రీళ్ళు విప్పించా. ఒక ముక్క ఇప్పటికీ కళ్ళ ముందుంటుంది. ఒకమ్మాయి వంటింట్లో కుళాయి కట్టేసి వెళ్తుంది, చుక్క పడుతుంది, మళ్ళీ వచ్చి గట్టిగా బిగిస్తుంది, అయినా పడుతుంది, అప్పుడు నెమ్మదిగా వెనక్కి తిరుగుతుంది. ఆ కుళాయి మొత్తం తీసేశా. బ్లేడుతో కోసి, అంచు గీకి, ఫిల్ము అతికించే సిమెంటు రాసి, వేళ్ళతో నొక్కిపట్టి అతికించాం. ఇప్పుడు అమ్మాయి వంటింట్లోకి రాగానే కత్తి దిగుతుంది. అలా మొత్తం పదకొండు నిమిషాలు తగ్గించా.

ఫస్ట్ షోకి హాల్లో వెనకాల నిలబడ్డాను. మొదటి హత్యకి అరిచారు. రెండోదానికి ఊరుకున్నారు. మూడోదానికి నేల టికెట్లలోంచి ఎవడో "మూడు" అన్నాడు, నాలుగోదానికి హాలంతా కలిసి "నాలుగూ" అంది, ఒకటే ఈలలు. నా కాళ్ళు చల్లబడిపోయాయి. మ్యాట్నీలో జనం కదిలారని మేనేజరు చెప్పింది నిజమే, కానీ వాళ్ళు కదిలింది విసుగొచ్చి కాదే, భయమేసి. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఆదివారం ఆ ముక్కలన్నీ మళ్ళీ అతికించినా లాభం లేకపోయింది, కామెడీ సినిమా అని టాక్ ఊరంతా పాకేసింది, గురువారానికి ఎత్తేశారు. గాజులు మళ్ళీ రాలేదు. మీ పెద్దమ్మ ఈ రోజు వరకూ ఒక్క మాటా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

నేనొక్కణ్ణే కాదులే. మొన్న మనవడు టీవీలో హాలోవీన్ అనే ఇంగ్లీషు భయం సినిమా మొదటి రెండు భాగాలూ వరసగా పెట్టాడు. 1978లో జాన్ కార్పెంటర్ మూడు లక్షల చిల్లర డాలర్లతో తీసిన మొదటిదాంట్లో రక్తం కనబడేదే తక్కువ, ముసుగేసుకున్న హంతకుడు కంచె పక్కన ఊరికే నిలబడి చూస్తుంటాడు, అంతే, మనకి చెమటలు పడతాయి. 1981లో రెండోది వేరే దర్శకుడు తీస్తే, భయం చాలలేదని కార్పెంటరే రక్తం సీన్లు అదనంగా తీసి కలిపాడట. డబ్బులొచ్చాయి గానీ మొదటిదానంత రాలేదు. 1982లో మూడోదాంట్లో ఆ ముసుగువాణ్ణే తీసేస్తే జనం ఒప్పుకోలేదు. అంటే వాడు కావాలి, వాడి కోసం ఎదురుచూడటమూ కావాలి.

నీ మొదటి సినిమాలో హత్యలు ఐదు, ఇప్పుడు పదిహేడు రాశావట. ఎందుకే అన్ని? ఎవరు చెప్పారు నీకు? సెన్సారు వాళ్ళు పెద్దలకు మాత్రమే అని 'A' సర్టిఫికెట్ ఇస్తే టీవీలో వేయడానికి మళ్ళీ కత్తిరించుకోవాలి, ఆ రేటూ పడిపోతుంది. అదలా ఉంచు. మొదటిదాంట్లో హాస్టల్ వరండాలో చీకట్లో బకెట్ జరిగిన చప్పుడొచ్చింది చూడు, అక్కడ నేను కాళ్ళు సీటు మీదకి లాక్కున్నాను. ఇన్ని వందల సినిమాలు క్యాబిన్‌లోంచి చూసినవాణ్ణి! పక్క సీట్లో ఎవరో కుర్రాడు నా చెయ్యి పట్టుకున్నాడు. నా తమ్ముడి కూతురు తీసిందని వాడికి చెబుదామనుకుని కూడా మాట రాక ఊరుకున్నా.

క్లైమాక్స్ గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో తీస్తానన్నావని విన్నా. చోటు బాగుంది, వరసగా టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, మధ్యలో సన్నటి దారి. కానీ ఆ ఘాటుకి మామూలువాళ్ళకే ఊపిరాడదు, ముసుగులో ఉన్న మనిషి ఏమైపోతాడు? షాటు షాటుకీ బయటికి పంపించు. నీకు చిన్నప్పటి ఆయాసం ఉంది, ఇన్‌హేలర్ జేబులో పెట్టుకో. అక్కడికి ఏ రోజు వెళ్తున్నారో ముందే చెప్పు, నేనూ వస్తా.

మీ పెదనాన్న